దున్నకూడని జనుము

ఒక పెద్ద అడవిలో సింహాల కథలూ పులుల కథలూ చాలానే జరిగి ఉంటాయి. వాటిని చెప్పేవాళ్ళకు కొదవ లేదు కనుక వాళ్ళకే వదిలేద్దాం. ఇది ఆ అడవి దిగువన, వాగు పక్కనున్న నల్లరేగడి నేల కథ.

ఆ రేగడి వాన పడితే కాలు పట్టుకుని వదలదు. ఎండితే నెర్రెలు విచ్చి, అందులోకి జారిన ముంగిస ఏ పక్క తేలుతుందో ముంగిసకే తెలియదు. అక్కడ సేద్యం చేసే జంతువులు వానాకాలమంతా బురదను తిట్టేవి, ఎండాకాలమంతా రాయిని తిట్టేవి. ఈ రెంటికీ మధ్య కొద్దిరోజులు మాత్రం నేల పదునుగా ఉండేది. ఆ రోజుల్లో పని ఎక్కువ కాబట్టి తిట్టే తీరిక ఉండేది కాదు.

అడవి సభ ఆ నేలను ముక్కలు చేసి, కావాలన్నవాళ్ళకు ఇస్తామని చాటింది. ఎవరూ కావాలనలేదు. అప్పుడు వద్దనలేని వాళ్ళకు ఇచ్చింది. అలా ఒక చేను అడవిపంది వరాలమ్మకు దక్కింది.

వరాలమ్మ పెనిమిటి అంతకు ముందు ఎండాకాలం ఆకలికి ఆగలేక వాగు దాటి, మనుషుల వేరుశనగ చేలలోకి పోయాడు. అక్కడ కమ్మటి వాసనొచ్చే ఉండ ఒకటి కనిపిస్తే కొరికాడు. అది పేలింది. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పటినుంచీ వరాలమ్మకు వాగు చప్పుడు వింటేనే గుండె దడ. ఎండాకాలం గడిచేటంత జొన్న ఇటుపక్కే పండితే, పిల్లలు ఆ వాగు దాటరు. ఆమెకు ఇంతకుమించిన కోరిక లేదు.

కానీ జొన్న పండలేదు. గట్టి నేలలో వేరు దిగక, జానెడు లేచి ఎండిపోయింది. పైగా సభకు ఒక నియమం ఉంది. వరసగా మూడేళ్ళు గింజ కనపడని చేనును వెనక్కి తీసేసుకుంటుంది. వరాలమ్మకు అది మూడో ఏడు.

ఆ ఏడే వేసవి చివర సభలో పచ్చిరొట్ట పథకం ప్రకటించారు. వ్యవసాయాధికారి ఏనుగు కుంజరరావుగారు లేచి, తొండంతో నుదురు తుడుచుకుని వివరించారు. ఆయన చదువుకున్నవాడు, నేల సంగతి బాగా తెలిసినవాడు.

"తొలకరికి అందరూ జనుము చల్లండి. అది తినేందుకు కాదు, నేలకు పెట్టే అన్నం. పూతకు రాగానే, నేల పదును మీద ఉండగానే, పైరు మొత్తం మట్టిలో కలియదున్నెయ్యాలి. లోపల మగ్గుతుంది. రేగడి గుల్లబారుతుంది. తర్వాత జొన్న విత్తి చూడండి, వేరు ఎంత లోతుకు పోతుందో!"

"దున్నేదెవరు?" అని ఎవరో అడిగారు.

సభంతా వరాలమ్మ ముట్టె వైపు చూసింది.

వరాలమ్మ సిగ్గుపడింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆమె విన్న మాటలన్నిటిలో ఎక్కువసార్లు విన్నది 'తవ్వకు' అన్న మాటే. ఇప్పుడు సభే తవ్వమంటోంది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ దారిలో కనపడ్డ ఒక్క గడ్డను కూడా పెకిలించలేదు. ముట్టెను దాచుకోవాలనిపించింది.

సభ కార్యదర్శి నక్క పానకాలు మాత్రం కుంజరరావుగారిని పక్కకు పిలిచాడు.

"పథకం బాగానే ఉంది సార్. కానీ పెంచిందంతా మట్టిలో కలిపేస్తే, సింహం ఏలినవారికి చూపించడానికి ఏం మిగులుతుంది?"

"ఏమీ మిగలదు. అదే కదా పథకం" అన్నారు కుంజరరావుగారు.

"ఏమీ మిగలకపోవడం మన అడవిలో కొత్త కాదు సార్. దానికి పథకం ఎందుకు?" అన్నాడు పానకాలు.

కుంజరరావుగారికి పదవీ విరమణ దగ్గర పడింది. ఆయన చెవులు విసురుకున్నారు.

తొలకరి పడింది. అందరూ జనుము చల్లారు. వరాలమ్మ చేను నల్లగా ఉన్నది పచ్చగా మారింది. నెలన్నర తిరిగేసరికి పిల్లలు అందులో దూరితే కనపడనంత ఎత్తు పెరిగింది. వెంటనే పసుపుపచ్చని పూత మొదలైంది.

గట్టుకు అవతలి చేను పందికొక్కు పెంచలయ్యది. సభ ఇచ్చిన విత్తనాల్లో సగం అతను తిన్నాడు. మిగతా సగం బాధపడుతూ చల్లాడు. అందుచేత అక్కడక్కడ జనుమూ, మిగిలిన చోటల్లా గడ్డీ గాదమూ లేచాయి.

పూత వేళకు సభ తరఫున పరిశీలకుడు నెమలి నీలకంఠం వచ్చాడు. అతనికి సేద్యం తెలియదు. అందం తెలుసు. పథకాలు పరిశీలించడానికి అదే అర్హత అని సభ అభిప్రాయం. వరాలమ్మ చేను చూసి తనకు తెలియకుండానే పింఛం విప్పాడు.

"ఇంత పసుపు ఈ అడవిలో ఇంకెక్కడా లేదు. ఇది ఉత్తమ చేను. ఏలినవారు స్వయంగా వచ్చి చూడాలి" అన్నాడు.

గట్టు దాటి పెంచలయ్య చేను చూశాడు. పింఛం ముడుచుకుంది.

"ఇదేమిటి? ఏలినవారు ఉత్తమ చేను చూడటానికి వస్తే, పక్కనే ఇది కూడా కంటపడదూ?"

వెంట వచ్చిన పానకాలు వెంటనే తీర్పు చెప్పాడు. "పడకూడదు. ఇలాంటి దరిద్రపు చేలన్నీ రేపటికల్లా దున్నించెయ్యండి. శిక్ష అని చాటించండి. వరాలమ్మా, నువ్వే దున్నాలి."

"నా చేను కూడా పూతకొచ్చిందయ్యా. అది ముందు దున్నుకుని..." అంది వరాలమ్మ.

"నీ చేను ఉత్తమ చేను! ఏలినవారు చూసేదాకా అందులో ఒక్క మొక్క కదిలినా ఊరుకోను" అన్నాడు పానకాలు.

మర్నాడు వరాలమ్మ పెంచలయ్య చేనులో దిగింది. నేల మంచి పదును మీద ఉంది. ముట్టె పెడితే వెన్నలో దిగినట్టు దిగింది. గట్టు మీద కూర్చుని పెంచలయ్య ఒకటే ఏడుపు.

"అక్కా, నెమ్మదిగా తవ్వక్కా. నాకున్న పచ్చదనం అదొక్కటే."

"ఏందన్నా నువ్వు, ఎట్లాగూ తవ్వాలనే కదా మొదట్లో చెప్పింది?"

"అది పథకం కింద తవ్వడం, ఇది శిక్ష కింద తవ్వడం. పరువు సంగతి వేరు కదక్కా" అని పెంచలయ్య ముక్కు చీదాడు.

అలా రేగడి దిగువలోని చెడ్డ చేలన్నీ వరాలమ్మే దున్నింది. ఇంటికి వచ్చి చూస్తే తన చేను చుట్టూ ముళ్ళకంప వేసి ఉంది. కంపకు ఇవతల ఒక కొండముచ్చు కాపలా కూర్చుని ఉంది.

మర్నాడు సభలో ఆమెకు సన్మానం చేశారు. మెడలో జనుము పూల దండ వేశారు. ఆ పూలు ఆమె చేనులో కోసినవే. "ఒకప్పుడు తవ్వడం తప్ప తెలియని జాతి. నేడు తవ్వకుండా ఆగిన జాతి" అని నీలకంఠం ఉపన్యసించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వరాలమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం చెప్పాలంటే ఆమెకు చాలా సంతోషం వేసింది. చేను దున్నాలన్న సంగతి ఆ పూట ఆమే మరిచిపోయింది. ఎన్నడూ మెచ్చుకోలు ఎరగని ప్రాణం కదా, తప్పు పట్టడానికి మనసు రాదు.

రాత్రి దండ వాడింది. పొద్దున్నే సంగతి గుర్తొచ్చింది.

ఏలినవారు ఆ వారం రాలేదు. దున్నపోతును తిని అరగక పడుకున్నారు. పై వారం బయలుదేరారు గానీ వాన పట్టుకుంది. తడిసిన రేగడిలో ఏలినవారి కాళ్ళు దిగబడితే లాగే సాహసం ఎవరు చేస్తారు? నేల ఆరనిమ్మన్నారు. ఆరబోతుండగా మళ్ళీ ఒక జల్లు పడింది. మళ్ళీ ఆగారు.

వరాలమ్మ కుంజరరావుగారి దగ్గరికి పరుగెత్తింది.

"సారూ, పూత రాలిపోతాంది. కాడ గట్టిపడతాంది. ఇప్పుడు దున్నకపోతే ఇంకెప్పుడు సారూ?"

"నాకు తెలుసమ్మా" అన్నారు కుంజరరావుగారు. ఆ మాట ఆయన చాలా జాలిగా అన్నారు.

"తెలిస్తే చెప్పండి సారూ వాళ్ళకి."

"వాళ్ళకీ తెలుసమ్మా. సభలో చెప్పింది నేనే కదా, అందరూ విన్నారు. కానీ దున్నితే నేల బాగుపడుతుంది, అది లోపల జరిగే పని. దున్నకపోతే పసుపు కనపడుతుంది, అది బయట జరిగే పని. సభ బయట కదమ్మా కూర్చునేది."

"నా పిల్లలు ఎండాకాలం వాగు దాటుతారు సారూ" అంది వరాలమ్మ.

"ఇంకో ఎనిమిది నెలల్లో నేను దిగిపోతాను వరాలమ్మా. దిగిపోయాక గట్టిగా మాట్లాడతాను" అన్నారు కుంజరరావుగారు.

వరాలమ్మ తిరిగి వచ్చేసింది. తడిగా ఉంటే ఏలినవారి కాలు దిగబడుతుందని భయం. ఆరితే తన ముట్టె దిగదని భయం. ఈ రెండు భయాల్లో సభ ఏ భయాన్ని లెక్క చేస్తుందో ఆమెకు అర్థమైంది.

చివరికి నేల పూర్తిగా ఆరి, ఏలినవారి గోరుకు మట్టి అంటదని రూఢి అయ్యాక, సింహం వచ్చింది. అప్పటికి పూత పోయి కాయ పట్టింది. కాడలు కట్టెలయ్యాయి. సింహం గట్టు మీద నిలబడి చూసింది.

"ఇది తినేదా?"

"కాదు ప్రభూ" అన్నాడు పానకాలు.

"మరి దీన్ని ఏం చేస్తారు?"

కుంజరరావుగారు నోరు తెరిచారు. పానకాలు ముందే అందుకున్నాడు. "కాపాడతాం ప్రభూ!"

"మంచిది. అలాగే కాపాడండి" అని సింహం ఆవలించి వెళ్ళిపోయింది.

ఏలినవారి నోట వచ్చింది కనుక అది ఆజ్ఞ అయింది. ముళ్ళకంప రెండు వరసలయింది. వరాలమ్మ కాళ్ళావేళ్ళా పడితే, మొక్కల నడుమ జొన్న చల్లుకోవడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఆమె ముట్టెతో గీత గీయబోయింది. నేల రాయైంది. ముట్టె తోలు లేచి నెత్తురు కారింది గానీ గీత పడలేదు. చల్లిన జొన్నలు నెర్రెల్లోకి జారిపోయాయి. ఎక్కడికి పోయాయో మళ్ళీ కనపడలేదు.

అదే రోజుల్లో గట్టు అవతల, శిక్ష పడిన చేనులో జొన్న మొలిచింది. జనుమూ గడ్డీ మగ్గి నేల గుల్లబారింది. కురిసిన వాన లోపలే దాగింది. పెంచలయ్య తల ఎత్తి చూడాల్సినంత ఎత్తుకు జొన్న పోయింది. అవమానంతో చాలా రోజులు అతను ఆ పైరు వైపు చూడనే లేదు. చూశాక నోరు వెళ్ళబెట్టాడు.

ఇక ఉత్తమ చేనులో జనుము కాయలు ఎండాయి. ఎండిన జనుము కాయల్లో గింజలు గలగలమంటాయి. ఆ చేను పక్కనుంచే జింకలు నీళ్ళకు దిగే దారి. సింహం వేటకు ఆ దారినే పొంచి నడిచేది. ఎంత మెల్లగా అడుగేసినా, కంప మీదుగా దారిలోకి వాలిన కాయలు ఒంటికి తగిలి మోగేవి. జింకలు తలెత్తేవి, చెంగున మాయమయ్యేవి. కొన్నాళ్ళకు సింహం డొక్కలు లోపలికి పోయాయి.

సింహం పానకాలును పిలిచింది. "ఆ గలగల ఏమిటి?"

"ప్రజల హర్షధ్వానాలు ప్రభూ."

"నేను వచ్చినప్పుడే ఎందుకు మోగుతున్నాయి?"

"తమరంటే అభిమానం ప్రభూ."

"వాటిని విని జింకలు పారిపోతున్నాయి" అంది సింహం. పానకాలును అంతకుముందు ఎన్నడూ చూడనట్టు పైనుంచి కిందిదాకా చూసింది. "నీ ఒంట్లో మాంసం ఏమాత్రం ఉంటుంది?"

పానకాలు ఆ ఉదయమే కుంజరరావుగారిని వెంటబెట్టుకుని పరుగున వచ్చి జనుము పీకించాడు. కొమ్మలు పీచులై ఏనుగు కాళ్ళకు చుట్టుకున్నాయి. కుంజరరావుగారు బోర్లా పడ్డారు. ఆయన పడ్డ చోట తప్ప ఆ చేనులో ఇంకెక్కడా మట్టి పెళ్ళగిలలేదు.

పంట కాలం ముగిశాక సభ కూడింది. పానకాలు ఫలితాలు వివరించాడు.

"శిక్ష పడిన చేలన్నిటిలో జొన్న విరగపండింది. దీన్నిబట్టి తేలేదేమిటి? శిక్ష వల్ల భయం పెరిగింది, భయం వల్ల శ్రద్ధ పెరిగింది, శ్రద్ధ వల్ల జొన్న పెరిగింది. ఏమంటారు సార్?"

కుంజరరావుగారు సభను ఒకసారి చూశారు. ఆయన దిగిపోవడానికి ఇంకా రెండు నెలలు ఉంది. "అదీ ఒక కారణం కావచ్చు" అన్నారు.

తర్వాత వరాలమ్మ సంగతి వచ్చింది. మూడేళ్ళుగా గింజ లేదు. చేను వెనక్కి తీసుకోవాలని ఒకరన్నారు. అప్పుడు నీలకంఠం కోపంగా లేచాడు.

"ఏలినవారు మెచ్చిన చేను అది! అది పండలేదంటే ఏలినవారికి చూపు లేదనా? ఎవరన్నారో చెయ్యెత్తండి!"

ఎవరూ ఎత్తలేదు. ఆ చేను పండినట్టే అని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. వరాలమ్మ చేను వరాలమ్మకే దక్కింది. ఆమె సంతోషించింది గానీ, ఇంటికి వెళ్ళేసరికి పిల్లలు అన్నానికి ఎదురుచూస్తూ కూర్చున్నారు. తీర్మానాన్ని ఉడకబెట్టడం ఎలాగో సభ చెప్పలేదు.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం పెద్దవాడు కనపడలేదు. వరాలమ్మ వెతుక్కుంటూ పోతే, వాడు వాగు ఒడ్డున ముందుకాళ్ళు నీళ్ళలో పెట్టి అవతలి వేరుశనగ చేల వైపు చూస్తున్నాడు. గాలికి కమ్మటి వాసన వస్తోంది.

"యాడికిరా?" అంది.

"ఊరికే చూస్తాండా అమ్మా."

"చూసింది చాలు." చెవి పట్టి ఈడ్చుకొచ్చింది. దారి పొడుగునా వాణ్ణి తిట్టింది, తిడుతూనే ఏడ్చింది.

ఇంటి ముందు పెంచలయ్య కూర్చుని ఉన్నాడు. పక్కన జొన్న కంకుల కుప్ప.

"ఏందన్నా ఇది?"

"నా చేను పాడు చేసినావు గదక్కా, దానికి" అన్నాడు పెంచలయ్య, ఎటో చూస్తూ. "కొరుక్కుతినే బుద్ధి నాది. ఇంట్లో ఉంటే మిగలనివ్వను. అందుకే తెచ్చినా. పిల్లోళ్ళకు పెట్టు."

ఆ ఎండాకాలం వరాలమ్మ పిల్లలెవరూ వాగు దాటలేదు.

మళ్ళీ తొలకరి వచ్చింది. మళ్ళీ జనుము. కుంజరరావుగారు పదవి దిగిపోయారు. గట్టిగా మాట్లాడుతున్నారట గానీ, అప్పటికి ఆయన దూరపు కొండల్లో ఉన్నారు, ఇక్కడికి వినపడలేదు.

వరాలమ్మ చేను కిందటేటికంటే బాగా లేచింది. పూత మొదలైంది. నీలకంఠమూ పానకాలూ వస్తున్నారని కబురందగానే ఆమె పిల్లలందరినీ పిలిచింది.

"ఒరే, చేన్లోకి పోయి దొర్లండిరా."

"తిట్టవా?" అన్నాడు పెద్దవాడు నమ్మలేక.

"దొర్లకపోతే తిడతా."

పిల్లలు పొర్లాడారు, కుస్తీలు పట్టారు. వాళ్ళు బయటికి వచ్చేసరికి జనుము సగం పడుకుంది. పువ్వుకు బురదంటింది. వరాలమ్మ గట్టెక్కి జుట్టు విరబోసుకున్నట్టు వెంట్రుకలు నిక్కబొడుచుకుని, పరిశీలకుల ముందు ఏడుపు అందుకుంది.

నీలకంఠం ముఖం తిప్పుకున్నాడు. "ఛీ! ఇదా నిరుటి ఉత్తమ చేను?"

"మా పిల్లల పాపం సామీ! శిక్ష వేయొద్దు సామీ! దున్నమని మాత్రం అనొద్దు సామీ!"

ఆమె ఎంత బాగా ఏడ్చిందంటే, పానకాలుకే మనసు కరిగింది. నక్క మనసు కరగడం ఆ అడవిలో అదే మొదటిసారి.

"పాపం, ముగ్గురు నలుగురు పిల్లల తల్లి. పోనీ నీలకంఠంగారూ, శిక్ష మాఫీ చేసి, కంప వేయించి కాపాడదామా? కాస్త నిలబెట్టి కట్టిస్తే ఏలినవారికి..."

వరాలమ్మ ఏడుపు టక్కున ఆగింది. ఒక్క క్షణం ఆలోచించి, కళ్ళు తుడుచుకుని, నీలకంఠం వైపు తిరిగింది.

"అంతగా చూడముచ్చటగా ఉంటే కాపాడండి సామీ. నా కంటికి మాత్రం ఈ చేను అచ్చం మీ పింఛంలాగే ఉంది."

నీలకంఠం చేను వైపు చూశాడు. వాలిపోయి, చెదిరిపోయి, బురద కొట్టుకుని ఉంది. తన పింఛం వైపు చూసుకున్నాడు. అతని మెడ నీలం ఎర్రబారింది.

"దున్నించండి!" అని కేక పెట్టాడు. "ఈరోజే! ఒక్క కాడ కూడా మిగలకూడదు!"

వాళ్ళు మలుపు తిరిగేదాకా వరాలమ్మ బావురుమంటూనే ఉంది. గట్టు అవతల పెంచలయ్య కూడా తన చేను ముందు కూర్చుని, తనకూ శిక్ష పడిందని శాస్త్రానికి నాలుగు ఏడుపులు ఏడ్చాడు.

తర్వాత ఆమె చేనులో దిగింది. నేల పదును మీద ఉంది. ముట్టె పెట్టి ఒక్కసారి లోతుగా నూకింది. పచ్చి కాడలు విరిగి, తడి మట్టి వాటి మీద బోర్లా పడింది. ఆమెకు ఎంత హాయిగా అనిపించిందంటే, శిక్ష అమలు చూడటానికి సభ పంపిన కొండముచ్చు వింటుందని కూడా చూసుకోకుండా పాట అందుకుంది. శిక్ష పడ్డవాళ్ళు పాడకూడదని గుర్తొచ్చి, ఆ పాటనే ఏడుపు రాగంలోకి మార్చి, చేను ముగిసేదాకా పాడింది.

నీతి: మంచి పని పూర్తి కావాలంటే, అది పెద్దలకు నచ్చకుండా జాగ్రత్తపడాలి.